పాత ఇంటి బొమ్మ వేయడం ఎలా: పర్‌స్పెక్టివ్ సాధన నుంచి ఆర్డరు అప్పగించే దాకా

కూల్చబోయే పెంకుటింటిని అది నేలమట్టమయ్యే లోపు బొమ్మగా వేయించి దాచుకోవాలని అడిగేవారు నా దగ్గరకు తరచుగా వస్తుంటారు. వారిలో కొందరు ఆ ఇల్లున్న ఊళ్లోనే ఉంటారు, ఎక్కువమంది హైదరాబాదులోనో డల్లాస్‌లోనో స్థిరపడినవారు. మనుషుల ముఖాలు వేయడంలో బాగా చేయి తిరిగిన యువ చిత్రకారులు కూడా ఈ రకం ఆర్డర్లను వదులుకుంటున్నారు. ఎందుకని అడిగితే పర్‌స్పెక్టివ్ అంటే, అంటే దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నవిగా కనిపించే తీరును కాగితం మీదికి తెచ్చే లెక్క అంటే, భయమని చెబుతారు. ఆ భయం అక్కర్లేదు. ఒక ఇంటిని నమ్మకంగా వేయడానికి కావలసినంత పర్‌స్పెక్టివ్, రోజుకు ఒక గంట విడవకుండా సాధన చేస్తే, నాలుగైదు నెలల్లో చేతికి వస్తుందని నా అనుభవం. అందులో అన్నింటికన్నా ముందు పట్టుకోవలసింది కంటిమట్టం, అంటే చూసేవారి కన్ను ఉన్న ఎత్తు. గీత నేర్చుకోవడం అక్కడే మొదలవుతుంది, ఆర్డరు ఇచ్చినవారితో మాట్లాడడమూ అక్కడే మొదలు కావాలి.

ముందు అద్దం మీద గీయండి

మొదటి వారం కాగితం జోలికి పోవద్దు. వీధి పొడవునా కనిపించే కిటికీ అద్దం ముందు కుర్చీ వేసుకుని కూర్చోండి. తల కదలకుండా గడ్డం కింద పుస్తకాలు పేర్చుకోండి, ఒక కన్ను మూసుకోండి, అద్దం అవతల వీధి పక్కన కనిపించే ఇళ్ల అంచులను వైట్‌బోర్డు మార్కరుతో ఆ అద్దం మీదే గీయండి. తరువాత లేచి, వీధి వెంబడి సాగే గీతలకు స్కేలు పెట్టి పొడిగించండి. గోడల అడుగు, కిటికీల పై అంచు, పిట్టగోడ, ప్రహరీ, ఇవన్నీ ఒకే చోటికి పోయి కలుస్తాయి. ఆ చోటునే వానిషింగ్ పాయింట్ అంటారు. మీరు గీస్తున్నప్పుడు మీ కన్ను నేలకు ఎంత ఎత్తున ఉందో, ఆ చోటు కూడా అద్దం మీద అంతే ఎత్తున ఉంటుంది. అద్దం తుడిచేసి, ఈసారి నిలబడి అదే వీధిని గీసి చూడండి; మీ కన్నుతో పాటు ఆ బిందువు కూడా పైకి లేస్తుంది. వంద పేజీలు చదివినా మనసుకు ఎక్కని విషయం ఈ ఒక్క అభ్యాసంతో ఎక్కుతుంది.

ఇది కొత్త పద్ధతి కాదు. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1525లో అచ్చువేయించిన గ్రంథంలోని ఒక చెక్క అచ్చు బొమ్మలో, చిత్రకారుడు కన్నును ఒకే చోట నిలిపే సాధనం పెట్టుకుని, ఎదురుగా కూర్చున్న మనిషి రూపాన్ని అద్దం మీద గీస్తూ కనిపిస్తాడు. అంతకు నూరేళ్ల ముందే ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో వాస్తుశిల్పి ఫిలిప్పో బ్రునెలెస్కీ తాను వేసిన బాప్టిస్టరీ (బాప్తిస్మం ఇచ్చే మందిరం) చిత్రానికి రంధ్రం చేసి, వెనుక నుంచి ఆ రంధ్రంలో కన్ను పెట్టించి, ఎదురుగా పట్టుకున్న అద్దంలో తన చిత్రం ప్రతిబింబాన్ని చూపించాడు. వీరిద్దరూ పట్టుబట్టింది ఒకే సంగతి మీద: చూసే కన్ను ఒక్కటే ఉండాలి, అది కదలకుండా ఉండాలి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పర్‌స్పెక్టివ్ లేని చిత్రం తక్కువదని ఎప్పుడూ అనుకోకండి. బట్ట మీద కథను వరుస బొమ్మలుగా వేసే చేర్యాల నకాశీ పటంలో కంటిమట్టం ఉండదు, ఉండనక్కర్లేదు; కథ చెప్పేవాడు పటాన్ని విప్పుతూ పోతుంటే చూసేవారి కన్ను కథతో పాటు కదులుతుంది. అది వేరే పనికి పుట్టిన విద్య. ఇంటి బొమ్మ అడిగినవారికి మాత్రం తాము ఒకప్పుడు నిలబడిన చోటు నుంచి ఆ ఇల్లు మళ్లీ కనిపించాలి. అందుకే ఈ పనికి ఈ లెక్క కావాలి.

కంటిమట్టంతో కొలవడం

కాగితం మీద మొదట గీయవలసింది ఇల్లు కాదు, అడ్డంగా ఒక సన్నని గీత. అదే కంటిమట్టం. మీరు నిలబడి చూస్తుంటే మీ కన్ను నేలకు దాదాపు అయిదడుగుల ఎత్తున ఉంటుంది. అదే నేల మీద ఉన్న ప్రతి వస్తువునూ, అది దగ్గరున్నా దూరంగా ఉన్నా, ఈ గీత సరిగ్గా అయిదడుగుల ఎత్తు దగ్గరే కోస్తుంది. ఈ ఒక్క సూత్రంతో సగం కొలతలు వాటంతట అవే తేలిపోతాయి.

ఆరున్నర అడుగుల ద్వారబంధాన్ని తీసుకోండి. అందులో అయిదడుగులు కంటిమట్టానికి కింద, అడుగున్నర పైన ఉంటాయి. కాగితం మీద ఆ గుమ్మం నిలిచే చోట నేల నుంచి కంటిమట్టం దాకా 10 సెంటీమీటర్లు వస్తే, గుమ్మం మొత్తం ఎత్తు 13 సెంటీమీటర్లు కావాలి. అంత ఎత్తే ఉన్న మరో గుమ్మం దూరంగా ఉండి, అక్కడ నేల నుంచి కంటిమట్టం దాకా 4 సెంటీమీటర్లే ఉంటే, దాని ఎత్తు 5.2 సెంటీమీటర్లు. వానిషింగ్ పాయింట్ కాగితం మీద లేకపోయినా ఈ లెక్క తప్పదు. అందుకే ఏ ఇంటికి వెళ్లినా టేపుతో ఒక్క ద్వారబంధం ఎత్తయినా కొలుచుకుని రమ్మంటాను; దాన్ని బట్టి మిగిలినవన్నీ ఫొటోలోంచి రాబట్టుకోవచ్చు.

ఒక నెల రోజులు మీ ఇంట్లోని వస్తువులను ఈ లెక్కతో గీయండి. బీరువా, మంచం, నీళ్ల డ్రమ్ము, మెట్లు, ఏదైనా సరే. గుండ్రని వాటిని వదలకండి, ఎందుకంటే పాత ఇంటి పెరట్లో బావి ఒర ఎదురుచూస్తూ ఉంటుంది. గుండ్రటి అంచు సరిగ్గా కంటిమట్టంలో ఉంటే గీతలా కనిపిస్తుంది, కిందికి పోయేకొద్దీ విప్పారుతుంది. కనుక ఒర పై అంచు కన్నా నేలను తాకే అడుగు అంచు కాస్త ఎక్కువ విప్పారి ఉండాలి. చాలామంది పైఅంచును చక్కగా వేసి అడుగును చదునుగా కోసేస్తారు. అప్పుడు బావి నేల మీద నిలబడదు.

పెట్టె, స్తంభాలు, పైకప్పు

ఇంటిని ఒక పెట్టెలా అనుకుని మూల వైపు నుంచి చూస్తే రెండు వానిషింగ్ పాయింట్లు ఉంటాయి, కుడిగోడకు ఒకటి, ఎడమగోడకు ఒకటి, రెండూ కంటిమట్టం మీదే. నేర్చుకునేవారు ఆ రెంటినీ కాగితంలోనే ఇరికించాలని చూస్తారు. దాంతో ఇంటి మూల కత్తి మొనలా ముందుకు పొడుచుకొస్తుంది. మీ బొమ్మలో నేల దగ్గర మూల కోణం 90 డిగ్రీల కన్నా తగ్గితే, బిందువులు మరీ దగ్గరగా ఉన్నాయని అర్థం. వాటిని దూరంగా జరపండి. నేను డ్రాయింగు బోర్డును పెద్ద బల్ల మీద పెట్టి, కాగితానికి బయట బల్ల మీదే రెండు గుండుసూదులు గుచ్చి, వాటికి దారాలు కడతాను. దారాన్ని బిగువుగా లాగి ఇంటి అంచు మీదుగా పట్టుకుంటే గీత ఎటు పోవాలో అదే చూపిస్తుంది.

ఇక వసారా స్తంభాలు. సమాన దూరంలో ఉన్న స్తంభాలు దూరం పోయేకొద్దీ దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. ఎంత దగ్గరగా అన్నది ఊహతో వేస్తే తప్పకుండా పొరపాటు వస్తుంది. మొదటి రెండు స్తంభాలను ఫొటోను బట్టి నిలబెట్టండి. వాటి తలలను, పాదాలను కలుపుతూ వానిషింగ్ పాయింట్‌కు రెండు గీతలు గీయండి. మొదటి స్తంభం ఎత్తులో సరిగ్గా సగం దగ్గర గుర్తు పెట్టి, అక్కడి నుంచి కూడా అదే బిందువుకు మరో గీత గీయండి. అది రెండో స్తంభాన్ని నడిమధ్యలో తాకుతుంది. ఇప్పుడు మొదటి స్తంభం తల నుంచి, రెండో స్తంభపు నడిమి గుర్తు మీదుగా, కింది గీతను తాకేదాకా ఏటవాలుగా ఒక గీత లాగండి. అది తాకిన చోటే మూడో స్తంభం పాదం. అలాగే రెండో స్తంభం తల నుంచి మూడోదాని నడుమ మీదుగా గీస్తే నాలుగోది దొరుకుతుంది. కిటికీ చువ్వలకూ, ప్రహరీ దిమ్మెలకూ, వరుసగా పరిచిన నాపరాళ్లకూ ఇదే పద్ధతి. మొదటిసారి ఈ గీతలు గీసి నాలుగో స్తంభం ఫొటోలో ఉన్న చోటే వచ్చి నిలబడినప్పుడు కలిగే సంతోషం ఈ విద్యలో మిమ్మల్ని నిలబెడుతుంది.

పైకప్పు దగ్గర ఎక్కువమంది తడబడతారు. రెండు వాలుల పెంకుటింటికి ముందు పక్కగోడ చతుర్భుజానికి మూల నుంచి మూలకు రెండు గీతలు గీసి, అవి ఖండించుకున్న చోట నిలువుగా ఒక గీత లేపండి. వాలులు రెండూ కలిసే కొప్పు ఆ నిలువు గీత మీదే ఉంటుంది. ఎంత ఎత్తున అంటే, మీకు దగ్గరగా ఉన్న మూల నిలువు అంచును పైకి పొడిగించి, దాని మీద కొప్పు ఎత్తును కొలిచి, అక్కడి నుంచి పక్కగోడ వానిషింగ్ పాయింట్‌కు గీత గీయండి. అది నిలువు గీతను తాకిన చోటు కొప్పు. ఆ నిలువు గీత గోడకు సరిగ్గా మధ్యలో కాకుండా అవతలి వైపుకు కొంచెం జరిగినట్టు కనిపిస్తుంది. అదే సరైనది, దాన్ని దిద్దబోకండి.

గోడ మీద నేరుగా పైకప్పును కూర్చోబెట్టడం ఇంకో తప్పు. పెంకుటింటికి చూరు ఉంటుంది. అది గోడ దాటి ముందుకు, కిందికి వాలుతుంది. కనుక పైకప్పును గోడల కన్నా పెద్దదైన వేరే పెట్టెగా గీసుకోవాలి. చూరు కింద పడే ఆ వెడల్పాటి నీడే పాత ఇంటికి చల్లదనాన్ని తెచ్చేది. మండువా లోగిలి లోపలి నుంచి వేస్తున్నప్పుడు నాలుగు వాలులూ నడిమి ఆకాశం వైపు దిగుతాయి; అక్కడ ఎదుటి గుమ్మంలో ఒకే వానిషింగ్ పాయింట్ పెట్టుకోవడం మేలు. ఇంటిని దాటి గోపురం వంటి ఎత్తైన కట్టడాన్ని దగ్గరి నుంచి తల ఎత్తి చూసినట్టు వేయవలసి వస్తే నిలువు గీతలు కూడా పైన ఒక బిందువు వైపు వంగుతాయి. ఇళ్లకు ఆ అవసరం చాలా అరుదు, నిలువు గీతలను నిలువుగానే ఉంచండి.

ఫొటోను ఎంతవరకు నమ్మాలి

నా తొలి ఆర్డర్లలో ఒకదానికి, ఇంటివారు ఫోనుతో దగ్గరి నుంచి తీసి పంపిన ఒకే ఫొటోను చూసి బొమ్మ వేశాను. గీతలన్నీ ఫొటోకు సరిపోయాయి. బొమ్మ చూసిన పెద్దావిడ మాత్రం చాలాసేపు పట్టుకుని చూసి, “ఇది మా ఇల్లే బాబూ, కానీ ఎవరో రెండువైపులా పట్టుకుని లాగినట్టుంది” అన్నారు. ఆవిడ మాట నిజం. ఇల్లంతా పట్టాలని దగ్గర నిలబడి వెడల్పాటి లెన్సుతో తీసిన ఫొటోలో అంచుల దగ్గరున్న గోడలు సాగిపోతాయి, మధ్యలో ఉన్న గుమ్మం వెనక్కి పోయి చిన్నదవుతుంది. ఆ బొమ్మను మొదటి నుంచి మళ్లీ వేసి ఇచ్చాను.

అప్పటి నుంచి ఫొటోలు పంపేవారికి ఇలా చెబుతున్నాను. వీలైనంత వెనక్కి వెళ్లి, ఫోనులో రెండింతల జూమ్ పెట్టి తీయండి. ఫోనును పైకీ కిందికీ వంచకుండా నిటారుగా పట్టుకోండి. ఉదయం తొమ్మిది లోపు గానీ సాయంత్రం నాలుగు తరువాత గానీ తీస్తే నీడలు పొడవుగా పడి గోడల లోతు తెలుస్తుంది. ఎదురు నుంచి ఒకటి, రెండు మూలల నుంచి ఒక్కొక్కటి, గుమ్మం, కిటికీ, చూరు దగ్గరగా ఒక్కొక్కటి ఉండాలి. అరుగు పక్కన ఎవరినైనా నిలబెట్టి వారి ఎత్తు రాసి పంపితే మరీ మంచిది. మీరే స్వయంగా వెళ్లగలిగితే ఇవన్నీ చేసి కూడా, అరగంట అక్కడే కూర్చుని చేయి చాచి పెన్సిలుతో కొలుస్తూ ఒక చిన్న స్కెచ్ వేసుకోండి. ఆ స్కెచ్‌లో పడిన నిష్పత్తులు ఫొటో తప్పులను పట్టిస్తాయి.

ఆర్డరు ఇచ్చేవారిని ఏమడగాలి

సైజు, రంగులు, గడువు, ఇవి ఎవరైనా అడుగుతారు. మీరు వీటికి ముందు అడగవలసిన ప్రశ్న, “ఆ ఇల్లు మీకు ఎక్కడి నుంచి చూసినట్టు గుర్తుంది?” అన్నది. ఒకాయన తన తాతగారి ఇంటిని అడిగారు. మాటల్లో, తాను వేసవి సెలవులకు వెళ్లినప్పుడు అరుగు ఎక్కలేక ఎవరో ఒకరు చంకలో చేయి వేసి ఎక్కించేవారని చెప్పారు. అప్పుడు ఆయన వయసు నాలుగైదేళ్లు. నేను కంటిమట్టాన్ని అయిదడుగుల దగ్గర కాకుండా మూడడుగుల దగ్గర పెట్టాను. అరుగు ఎత్తూ దాదాపు అంతే. పెద్దవాళ్ల కంటికి పలకలా పరచుకుని కనిపించే అరుగు పై భాగం ఆ బొమ్మలో ఒక్క గీతగా మారిపోయింది. స్తంభాలు ఎత్తుగా లేచాయి, చూరు లోపలి వాసాలు కనిపించాయి. ఇల్లు అదే, కొలతలు అవే. మారింది గీత ఒక్కటే. ఆయన రఫ్ స్కెచ్ చూసిన వెంటనే రంగులు వేయమన్నారు, ఒక్క మార్పూ చెప్పలేదు.

ఇల్లు ఇప్పటికే కూలిపోయి, పాత నలుపు తెలుపు ఫొటో ఒక్కటే మిగిలితే ఈ ప్రశ్న ఇంకా ముఖ్యం. ఆ ఫొటోలోనే కలిసే గీతలను పొడిగించి, ఫొటో తీసినవారి కంటిమట్టాన్ని కనుక్కోండి. తరువాత గోడ రంగు, తలుపు రంగు, ముంగిట ఏ చెట్టు ఉండేది, తులసికోట ఏ పక్కన ఉండేది, ఇవన్నీ ఇంట్లో పెద్దవారిని ఫోనులో అడిగి రాసుకోండి. ఇద్దరు చెప్పేది ఒకటి కాకపోతే ఆర్డరు ఇచ్చినవారినే తేల్చమనండి, మీరు తీర్పు చెప్పకండి. ఫొటో వేరెవరో తీసి ఇంటర్నెట్‌లో పెట్టినదైతే తీసినవారి అనుమతి లేకుండా దాన్ని చూసి వేయకండి.

ధర, అడ్వాన్సు, హక్కులు

ధరను అంచనాతో చెప్పవద్దు, గంటలు లెక్కపెట్టండి. మొదటి అయిదు బొమ్మలకు ఎంతసేపు పట్టిందో నోటుబుక్కులో రాసుకోండి. ఉదాహరణకు ఏ3 సైజు వాటర్‌కలర్ బొమ్మకు, గీతకు పది గంటలు, రంగులకు పన్నెండు గంటలు పట్టిందనుకుందాం. గంటకు 250 రూపాయలు వేసుకుంటే 5,500. కాగితం, రంగులు 600, ఇల్లు చూసి రావడానికి 400 కలిపితే 6,500 రూపాయలు. ఫ్రేము, కొరియరు ఖర్చులు విడిగా చెప్పాలి. బంధువులకైనా ఇదే లెక్క చూపించి, తగ్గించదలచుకుంటే అందులోంచి తగ్గించండి. 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాటన్ కాగితం వాడండి. సగం డబ్బు ఆదా చేద్దామని పల్చటి కాగితం వాడితే నీటికి ఉబ్బి, మీరు దారం కట్టి గీసిన గీతలన్నీ అలలైపోతాయి.

మాట కుదిరాక వాట్సాప్‌లోనైనా సరే ఒకే సందేశంలో అన్నీ రాసి పంపి, వారి నుంచి “సరే” అని జవాబు తెప్పించుకోండి. సైజు, మొత్తం ధర, సగం అడ్వాన్సు, గడువు, పెన్సిలు రఫ్ చూపించే తేదీ అందులో ఉండాలి. రఫ్ దశలో రెండుసార్లు మార్పులు ఉచితమని, రంగులు మొదలయ్యాక కంటిమట్టం గానీ చూసే కోణం గానీ మార్చమంటే కొత్త బొమ్మ కింద లెక్కవుతుందని స్పష్టంగా రాయండి. ఈ చివరి వాక్యం లేకపోతే, పూర్తయిన బొమ్మను “కొంచెం ఎడమ పక్క నుంచి చూసినట్టు” మార్చమంటారు. అడిగేవారికి అది చిన్న మార్పుగానే తోస్తుంది, మీకు మాత్రం ప్రతి గీతా మారాలి.

హక్కుల సంగతి చాలామంది చిత్రకారులకు తెలియదు. మామూలుగా బొమ్మ వేసినవారికే కాపీరైటు ఉంటుంది. కానీ మన కాపీరైటు చట్టం, 1957లోని 17వ సెక్షను ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద వేసిన చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారే మొదటి హక్కుదారులవుతారు. ఆ బొమ్మను మీరు తరువాత ప్రింట్లుగా అమ్మాలన్నా, క్యాలెండరులో వేయాలన్నా, ముందే ఆ హక్కు మీకే ఉంటుందని రాతలో ఒప్పించుకోవాలి. వారి కుటుంబపు ఇంటిని ప్రింట్లుగా అమ్మడం నాకు ఇష్టం ఉండదు కనుక, నా పనుల్లో చూపించుకునే అనుమతి మాత్రమే అడుగుతాను. హక్కు ఎవరి దగ్గరున్నా, ఆ బొమ్మ వేసింది మీరేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షను కింద మీకు ఉంటుంది; సంతకం చేయడం మానకండి.

అప్పగించే ముందు

బొమ్మ పూర్తయ్యాక ఒక రోజు గోడకు తగిలించి, అద్దంలో చూడండి. తిరగబడిన ప్రతిబింబంలో ఒరిగిన స్తంభం, వంగిన చూరు వెంటనే కంటికి తగులుతాయి. సరిదిద్దాక 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేయించి ఉంచుకోండి. దూరం పంపేటప్పుడు గాజు ఫ్రేము వద్దు, అక్రిలిక్ షీటు వేయించండి. విదేశాలకైతే ఫ్రేము లేకుండా రెండు గట్టి అట్టల మధ్య చదునుగా, తడి తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి పంపడం మేలు. మిగిలిన సగం డబ్బు, పూర్తయిన బొమ్మ ఫొటో చూపించాక, పార్శిలు కట్టక ముందే తీసుకోండి.

బొమ్మతో పాటు ఒక చిన్న కాగితం కూడా పెట్టండి. దాని మీద, గోడకు తగిలించేటప్పుడు బొమ్మలోని కంటిమట్టం గీత చూసేవారి కంటి ఎత్తుకు వచ్చేలా మేకు కొట్టుకోమని రాయండి. ఆ గీత బొమ్మలో కింది అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఉందో కూడా రాయండి. పిల్లవాడి కంటిమట్టంతో వేసినదైతే, కుర్చీలో కూర్చున్నవారి కంటి ఎత్తుకు తగిలించుకోమని రాయండి.